ఆర్కేడ్ బోర్డు: తెరనిండా పిచ్చి అక్షరాలు, ఆట మాత్రం మొదలు కావడం లేదు

పాత_క్యాబినెట్:
అందరికీ నమస్కారం. నా దగ్గరున్న ఆర్కేడ్ క్యాబినెట్‌లోని బోర్డు కొంతకాలంగా పనిచేయడం లేదు. విద్యుత్తు ఇవ్వగానే తెరనిండా రంగురంగుల అక్షరాలూ గడులూ అడ్డదిడ్డంగా పరుచుకుని అలాగే నిలిచిపోతున్నాయి. బొమ్మ దొర్లడం గానీ, పక్కకు ఒరిగిపోవడం గానీ లేదు. శబ్దం అసలే రావడం లేదు. నాణెం మీట నొక్కినా చలనం లేదు. ఇది 1980ల రెండో సగంలో వచ్చిన ఒక ఆటకు ఎవరో తయారుచేసిన నకలు బోర్డు కావడం వల్ల సర్క్యూట్ పటం ఎక్కడా దొరకలేదు. ఒక జెడ్80 ప్రాసెసర్, సాకెట్లలో 27128 ఈప్రామ్‌లు (ఆట ప్రోగ్రాం నిలిచి ఉండే చిప్పులు), నేరుగా సోల్డర్ చేసిన 6116 ర్యామ్‌లు (తాత్కాలిక జ్ఞాపక చిప్పులు) ఉన్నాయి. మిగిలినవి ఎక్కువగా 74 శ్రేణి టీటీఎల్ చిప్పులే, అంటే సాధారణ లాజిక్ చిప్పులే. బోర్డును క్యాబినెట్ తీగలకు కలిపే కనెక్టర్ జామా అనే ప్రామాణిక రకం. పరికరాల విషయానికి వస్తే మల్టీమీటర్, లాజిక్ ప్రోబ్ (లైన్ మీద సున్నా, ఒకటి ఉన్నాయో దీపాలతో చూపే పరికరం), రెండు చానళ్ళ ఆసిలోస్కోప్, ఈప్రామ్‌లు చదివే ప్రోగ్రామర్ ఉన్నాయి. ఎక్కడినుంచి మొదలుపెట్టడం మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

సోల్డర్‌పొగ:
నకలు బోర్డు అని నిరుత్సాహపడకండి, బాగుచేసేవారికి అదే మేలు. అసలు తయారీదారు తన సొంత కస్టమ్ చిప్పులో ఇమిడ్చిన పనిని నకలు చేసినవారు మామూలు టీటీఎల్ చిప్పులతోనే చేయించుకోవలసి వచ్చింది కాబట్టి, ఇందులో ఏది చెడిపోయినా బయట దొరికేదే అయి ఉంటుంది.

బొమ్మ నిలకడగా ఉందని మీరు చెప్పిన ఒక్క మాటతోనే సగం బోర్డును అనుమానితుల జాబితాలోంచి తీసేయవచ్చు. క్రిస్టల్ మోగుతోంది, దాన్ని విభజించి అడ్డగీతలనూ నిలువుగీతలనూ లెక్కపెట్టే కౌంటర్లు పనిచేస్తున్నాయి, బొమ్మను తెర మీద నిలిపే సింక్ సంకేతం సక్రమంగా వెళుతోంది. ఇవన్నీ ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నడిచే భాగాలు. వీడియో ర్యామ్‌లో పవర్ ఇచ్చిన క్షణాన ఏ విలువలు పడ్డాయో వాటినే మీరు తెరపై చూస్తున్నారు. వాటిని తుడిచి సొంత బొమ్మ వేయవలసిన ప్రాసెసర్ ఆ పని చేయడం లేదు.

అయితే ప్రాసెసర్ జోలికి వెళ్ళేముందు వోల్టేజి చూడాలి. సప్లై దగ్గర కాదు, కనెక్టర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చిప్పు కాళ్ళ మీద కొలవండి. టీటీఎల్‌కు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. ఇంకొక ముఖ్యమైన మాట: బోర్డును క్యాబినెట్‌లోంచి బయటికి తీసి బల్లమీద పెట్టుకోండి. పిక్చర్ ట్యూబు ఆనోడ్ మీద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్ ఆపిన తర్వాత కూడా కొంతసేపు నిలిచే అవకాశం ఉంది. దాని పక్కన వంగి ప్రోబ్‌తో వెతకడం క్షేమం కాదు.

పాత_క్యాబినెట్:
మీరు చెప్పినట్టే బల్లమీదికి మార్చాను. సప్లై దగ్గర 5.06 వోల్టులు ఉంది, బోర్డు చివరనున్న చిప్పు మీద 4.61 మాత్రమే వస్తోంది. కనెక్టర్ విప్పి చూస్తే 5 వోల్టుల కాంటాక్టుల్లో రెండు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి, ఆ చోట ప్లాస్టిక్ కూడా కొద్దిగా మెత్తబడి తిరిగి గట్టిపడినట్టు కనిపిస్తోంది. సప్లై మీదున్న స్క్రూ తిప్పి వోల్టేజి కాస్త పెంచితే సరిపోతుందా?

నలభైకాళ్ళు:
దయచేసి ఆ పని చేయకండి. దారిలో దాదాపు 0.45 వోల్టు పోతోంది. బోర్డు 3 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే ఆ కాస్త జాగాలో ఒకటిన్నర వాట్ల దాకా వేడి పుడుతోందన్నమాట. మీరు చూసిన గోధుమరంగుకు కారణం అదే. ఇప్పుడు సప్లైని 5.5 దాకా పెంచారనుకోండి, రేపు కనెక్టర్ కాస్త కదిలి కాంటాక్టు బాగా కుదిరిన మరుక్షణం ఆ 5.5 అంతా చిప్పుల నెత్తిన పడుతుంది. జామాలో 5 వోల్టులకు నాలుగు కాంటాక్టులు, గ్రౌండ్‌కు ఎనిమిది కేటాయించారు. పాత వైరింగ్‌లో వాటిలో ఒకటి రెండిటికే తీగ కలిపి వదిలేయడం తరచుగా కనిపిస్తుంది. కొత్త కనెక్టర్ వేసి నాలుగింటికీ తీగలు కలపండి. బోర్డు అంచునున్న పూతను మెత్తని ఎరేజర్‌తో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దవద్దు, పూత లేచిపోతుంది.

తరంగం:
గ్రౌండ్ వైపు కూడా ఒకసారి చూడండి. మీటర్ ఒక కొనను సప్లై గ్రౌండ్ మీద, రెండో కొనను బోర్డు మీది చిప్పు గ్రౌండ్ కాలి మీద పెట్టి, పవర్ ఉండగా కొలవండి. అక్కడ ఒక పదో వంతు వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే తప్పు 5 వోల్టుల తీగల్లోనే లేదని అర్థం. చాలామంది ఈ సగాన్ని మరచిపోతారు.

పాత_క్యాబినెట్:
గ్రౌండ్‌లో కూడా 0.15 పోతోంది. కనెక్టర్ మార్చి, కాంటాక్టులన్నిటికీ తీగలు వేసిన తర్వాత బోర్డు చివర 4.98 వచ్చింది. ఆట మాత్రం రాలేదు. అయితే లక్షణం మారింది: ఇదివరకు కదలకుండా ఉన్న పిచ్చి అక్షరాలు ఇప్పుడు ఒకే లయలో అదురుతున్నాయి, సెకనుకు మూడు నాలుగుసార్లు తెర తళుక్కుమంటోంది.

నలభైకాళ్ళు:
ఇది శుభసూచకం. ఆ లయ వాచ్‌డాగ్‌ది. రాత్రి గస్తీవాడు కేక వేసినప్పుడల్లా లోపలినుంచి ఎవరో బదులు పలుకుతూ ఉండాలి, పలకకపోతే తలుపు బాది లేపుతాడు కదా. ఈ సర్క్యూట్ చేసేదీ అంతే. ప్రోగ్రాం నిర్ణీత వ్యవధిలో ఒక ప్రత్యేకమైన అడ్రస్‌ను తాకి కౌంటర్‌ను సున్నా చేస్తూ ఉండాలి. అలా చేయకపోతే కౌంటర్ నిండి ప్రాసెసర్‌ను రీసెట్ చేస్తుంది. కొన్ని బోర్డుల్లో ఈ కౌంటర్ 16 ఫ్రేములు లెక్కపెడుతుంది. సెకనుకు 60 ఫ్రేములైతే సుమారు 0.27 సెకను. మీరు చెప్పిన లయకు ఇది సరిగ్గా సరిపోతోంది.

జెడ్80 మీద ఈ కాళ్ళు చూడండి. 11వ కాలు మీద 5 వోల్టులు, 29వ కాలు గ్రౌండ్. 6వ కాలు క్లాక్. క్రిస్టల్ మీద 12 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటే అక్కడ 3 మెగాహెర్ట్జ్ కనిపించే అవకాశం ఎక్కువ. 26వ కాలు రీసెట్, ఇది పైన (అంటే ఎక్కువ వోల్టేజిలో) ఉండి వాచ్‌డాగ్ లయలో మాత్రమే కిందికి దిగి లేవాలి. 24, 25 కాళ్ళు వెయిట్, బస్ రిక్వెస్ట్, అంటే ప్రాసెసర్‌ను ఆగమని చెప్పేవి. ఇవి కిందనే ఉండిపోతే ప్రాసెసర్ ఎంత మంచిదైనా కదలదు. 27వ కాలు ఎం1. రీసెట్ విడిచిన వెంటనే అక్కడ చురుకుదనం కనిపిస్తే అది ఆజ్ఞలను తెచ్చుకుంటోందని అర్థం.

బూజు_దులుపుడు:
ఇన్ని కాళ్ళు కొలిచే బదులు 6116లన్నీ పీకి కొత్తవి వేయడం సులువు. ఆ కాలపు బోర్డుల్లో పోయేవి ఎక్కువగా ర్యామ్‌లే.

సోల్డర్‌పొగ:
పోయేవి ఎక్కువగా ర్యామ్‌లే అన్న మాట వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ ఒక్కో 6116కు 24 కాళ్ళు. నాలుగు చిప్పులు తీస్తే దాదాపు వంద రంధ్రాలు. నకలు బోర్డుల్లో రంధ్రం లోపలి రాగిపూత పలుచగా ఉంటుంది, చిప్పు లాగినప్పుడు ఆ పూత ఊడి వచ్చేస్తుంది. ఒక జబ్బుతో వచ్చిన బోర్డుకు మనమే మూడు కొత్త జబ్బులు అంటించినట్టవుతుంది, పైగా అవి ఎక్కడున్నాయో కంటికి కూడా కనిపించవు. చిప్పు చెడిపోయిందని రుజువయ్యేదాకా సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకపోవడమే మంచిది.

ఈలోగా సాకెట్లలో ఉన్న ఈప్రామ్‌లను తీసి చదవండి. ఒక్కొక్కటి కనీసం రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనా అని చూసి, తర్వాత సీఆర్‌సీ విలువను (చదివిన డేటా మొత్తం నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) మేమ్‌లో, అంటే పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రాంలో, ఆ ఆటకు నమోదైన నకలు వెర్షన్ల విలువలతో పోల్చండి. పవర్ ఆపకుండా మాత్రం ఏ చిప్పునూ కదపవద్దు.

పాత_క్యాబినెట్:
కొలతలు ఇవి. క్లాక్ 3 మెగాహెర్ట్జ్, అంచులు శుభ్రంగా ఉన్నాయి. రీసెట్ మీరు చెప్పిన లయలోనే దిగి లేస్తోంది. 24, 25 కాళ్ళు పైనే ఉన్నాయి. ఎం1 మీద నిరంతరం చురుకుదనం ఉంది.

ఈప్రామ్‌లలో ఒకటి చదివిన ప్రతిసారీ వేరే విలువ ఇచ్చింది. దాని కాళ్ళు నల్లగా మారి ఉన్నాయి. గాజు పీచు కలంతో వాటిని మెరిసేదాకా రుద్దాక విలువ స్థిరపడి, మేమ్‌లోని విలువతో సరిపోయింది. సాకెట్‌ను కూడా శుభ్రం చేశాను. ఇప్పుడు ఈప్రామ్‌లన్నీ సరిగానే ఉన్నాయి, తెర మాత్రం ఇంకా అదురుతూనే ఉంది.

తరంగం:
అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం తేలింది. ప్రాసెసర్‌కు ఈప్రామ్‌ల నుంచి ఆజ్ఞలు అందుతున్నట్టుంది. కానీ అది సరైన ఆజ్ఞలను నడుపుతోందా, దారి తప్పి ఎక్కడో తిరుగుతోందా అన్నది ఎం1 చూసి చెప్పలేం. పని ర్యామ్‌గా వాడే 6116 ఏదో కనిపెట్టి, దాని 18వ కాలు, అంటే ఆ చిప్పును పనికి పిలిచే చిప్ సెలెక్ట్, స్కోప్‌లో చూడండి. రీసెట్ విడిచిన తర్వాత అక్కడ ఏం జరుగుతోందో చెప్పండి.

పాత_క్యాబినెట్:
రీసెట్ విడిచిన కొద్దిసేపటికి అక్కడ చిన్న గుంపుగా కొన్ని పల్సులు వస్తున్నాయి. ఆ తర్వాత మళ్ళీ రీసెట్ దాకా నిశ్శబ్దం. ప్రతిసారీ అచ్చం అలాగే ఉంది.

తరంగం:
ప్రతిసారీ ఒకేలా ఉందంటే ప్రాసెసర్ దారి తప్పలేదు. ప్రోగ్రాం మొదట్లోనే ర్యామ్‌ను పరీక్షిస్తోంది: ఒక విలువ రాస్తుంది, తిరిగి చదువుతుంది, రాసినదే రాలేదని తేలగానే ఒక చిన్న వలయంలో కూర్చుండిపోతుంది. అప్పుడు వాచ్‌డాగ్ వచ్చి లేపుతుంది.

ఇప్పుడు తప్పు 6116లోనైనా ఉండాలి, లేదా దానికీ ప్రాసెసర్‌కూ మధ్యనున్న దారిలోనైనా ఉండాలి. ఈ తరహా బోర్డుల్లో ఆ దారి మధ్యలో సాధారణంగా ఒక 74ఎల్‌ఎస్245 ఉంటుంది, డేటాను రెండు దిశల్లోనూ దాటించే చిప్పు అది. జెడ్80 డేటా కాళ్ళనుంచి మీటర్‌తో కంటిన్యుటీ (రెండు చోట్ల మధ్య తెగని కనెక్షన్) చూసుకుంటూ వెళితే దొరుకుతుంది. డేటా లైన్లు వరుసగా ఉండవని గుర్తుంచుకోండి: డీ0 నుంచి డీ7 వరకు 14, 15, 12, 8, 7, 9, 10, 13 కాళ్ళు.

బూజు_దులుపుడు:
కనీసం మంచి 6116 ఒకటి దాని నెత్తిన ఎక్కించి చూడవచ్చు కదా? సోల్డరింగ్ అవసరం లేని పరీక్షే అది.

నలభైకాళ్ళు:
తప్పకుండా చూడవచ్చు, అయితే ఫలితాన్ని అర్థం చేసుకోవడంలో జాగ్రత్త అవసరం. కింది చిప్పు అవుట్‌పుట్ మూగబోయి గాలిలో వేలాడుతూ ఉంటే పైన ఎక్కించిన చిప్పు ఆ లైన్‌ను నడిపిస్తుంది, లక్షణం మారుతుంది. కింది చిప్పు లైన్‌ను గ్రౌండ్‌కు బిగించి పట్టుకుని ఉంటే పై చిప్పు దానితో పోట్లాడుతుందే తప్ప గెలవలేదు. కాబట్టి మార్పు వస్తే రుజువు దొరికినట్టే. రాకపోతే మాత్రం ఏమీ తేలనట్టే.

పాత_క్యాబినెట్:
పవర్ ఆపి 6116 ఎక్కించి చూశాను, మార్పు లేదు. 245 దొరికింది. దాని 2 నుంచి 9 వరకున్న కాళ్ళు ప్రాసెసర్ వైపు, 18 నుంచి 11 వరకున్నవి ర్యామ్ వైపు ఉన్నాయి. లాజిక్ ప్రోబ్‌తో చూస్తే ఎనిమిది లైన్ల మీదా చురుకుదనం కనిపిస్తోంది, ఏదీ చచ్చినట్టు లేదు.

తరంగం:
ఇక్కడ లాజిక్ ప్రోబ్ సరిపోదు. ప్రాసెసర్ వైపు డేటా లైన్ల మీదికి ఈప్రామ్‌లు కూడా మాట్లాడుతుంటాయి. 245 ఒక లైన్‌లో పూర్తిగా మూగబోయినా ఈప్రామ్‌ల సందడిలో ప్రోబ్ దీపాలు మినుకుమంటూనే ఉంటాయి. 245 మాట్లాడవలసిన క్షణంలో మాత్రమే చూడాలి.

స్కోప్ బయటి ట్రిగ్గర్‌ను 245 యొక్క 19వ కాలికి కలిపి, కిందికి దిగే అంచున ట్రిగ్గర్ అయ్యేట్టు పెట్టండి. చిప్పు మేల్కొనేది ఆ కాలు కిందికి దిగినప్పుడే. మొదటి చానల్‌ను 1వ కాలు మీద ఉంచండి, అది దిశను నిర్ణయించే కాలు. మీ అమరికలో అది పైన ఉంటే ప్రాసెసర్ రాస్తోంది, కింద ఉంటే ర్యామ్‌ను చదువుతోంది. రెండో చానల్‌తో ఒక్కొక్క డేటా కాలినీ రెండు వైపులా చూస్తూ పొండి. టీటీఎల్‌లో 0.8 వోల్టుకు దిగువన ఉంటే సున్నా, 2 వోల్టులకు ఎగువన ఉంటే ఒకటి. చదివే సమయంలో ఈ రెండిటి మధ్య చప్పగా పరుచుకున్న గీత ఏదైనా కనిపిస్తే అదే మన దొంగ. 245 నిద్రలో ఉన్నప్పుడు లైన్లు మధ్యలో తేలడం సహజం కాబట్టి ఆ భాగాలను పట్టించుకోకండి.

పాత_క్యాబినెట్:
దొరికింది. డీ5, జెడ్80 9వ కాలికి వెళ్ళే లైన్. రాసేటప్పుడు రెండు వైపులా స్పష్టంగా ఉంది. చదివేటప్పుడు ర్యామ్ వైపు 13వ కాలు మీద చక్కటి చతురస్రాకారపు అంచులు, 0.2 నుంచి 3.6 వోల్టుల దాకా ఉన్నాయి. అదే క్షణంలో ప్రాసెసర్ వైపు 7వ కాలు మీద 1.6 వోల్టుల దగ్గర ఎటూ కాని గీత కనిపిస్తోంది, దానిలో పక్క లైన్ల నీడలు సన్నగా అదురుతున్నాయి. పక్కనే ఉన్న 6వ, 8వ కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

నలభైకాళ్ళు:
అంటే 6116 సరైన జవాబే చెబుతోంది, 245 దాన్ని ఈవలి వైపుకు అందించడం లేదు. ఇప్పుడు 245 నెత్తిన ఇంకొక 245 ఎక్కించి చూడండి. ఇది మూగబోయిన రకం చెడు కాబట్టి ఈ పరీక్ష ఇక్కడ పనిచేయాలి.

పాత_క్యాబినెట్:
పనిచేసింది! తెర ఒకసారి నల్లబడి, స్వీయపరీక్ష అక్షరాలు కనిపించి, ఆ తర్వాత ఆట పేరు వచ్చింది. చిప్పు తీయడంలో పాటించవలసిన జాగ్రత్తలు చెప్పగలరు.

సోల్డర్‌పొగ:
చెడిందని తేలిన చిప్పును కాపాడవలసిన అవసరం లేదు, బోర్డును కాపాడాలి. సన్నని కట్టర్‌తో 20 కాళ్ళనూ చిప్పు ఒంటికి ఆనుకుని కత్తిరించి, ఒంటిని తీసేయండి. తర్వాత ఒక్కొక్క కాలినీ విడిగా వేడిచేసి, సోల్డర్ కరిగాక పట్టకారుతో బలప్రయోగం లేకుండా తీయండి. 60/40 సోల్డర్ సుమారు 183 డిగ్రీల వద్ద మెత్తబడడం మొదలవుతుంది, కానీ గ్రౌండ్ కాళ్ళ దగ్గర వెడల్పాటి రాగి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి అక్కడ తొందరపడితే రంధ్రపు పూత కాలితోపాటే వచ్చేస్తుంది. మొండికేస్తే కొంచెం కొత్త సోల్డర్ చేర్చి మళ్ళీ ప్రయత్నించండి. రంధ్రాలు శుభ్రమయ్యాక గుండ్రటి పిన్నుల సాకెట్ వేసి, పైవైపు ట్రేస్‌కూ కిందివైపు ట్రేస్‌కూ కంటిన్యుటీ ఉందో లేదో కాలు కాలుకూ చూడండి. ఇదంతా అయ్యాకే కొత్త చిప్పు పెట్టండి.

పాత_క్యాబినెట్:
అలాగే చేశాను. ఒక రంధ్రంలో పూత తెగింది, దానికి బోర్డు కిందివైపు సన్నని తీగ కలిపాను. ఆట వస్తోంది, శబ్దం కూడా వచ్చింది. అయితే మరో లోపం బయటపడింది. వెనుకనున్న దృశ్యం, అక్షరాలు అన్నీ బాగున్నాయి గానీ కదిలే బొమ్మలన్నీ దువ్వెన పళ్ళలాగా కనిపిస్తున్నాయి. ఒక గీత ఉంటుంది, తర్వాతి గీత ఖాళీ.

తరంగం:
ఒక గీత విడిచి ఒక గీత పోవడం చాలా ఉపకరించే లక్షణం. ఈ తరం బోర్డుల్లో కదిలే బొమ్మలకు సాధారణంగా రెండు లైన్ బఫర్లు ఉంటాయి. ఒకటి ప్రస్తుత గీతను తెరకు పంపుతుండగా, రెండోదానిలో తర్వాతి గీతను నింపుతారు. గీత మారగానే రెండిటి పాత్రలూ తారుమారవుతాయి. ఒక బఫర్ చెడితే సరిగ్గా సగం గీతలే పోతాయి. తెరను నిలువుగా అమర్చిన ఆటలో ఇవి నిలువు గీతలుగా కనిపిస్తాయి, దానికి కంగారుపడవద్దు. వేగంగా పనిచేసే చిన్న ర్యామ్‌లు, 2149 వంటివి, సమానంగా రెండు గుంపులుగా అమర్చి ఉన్నాయేమో వెతకండి.

పాత_క్యాబినెట్:
రెండు జతల 2149లు ఉన్నాయి, అదృష్టవశాత్తు సాకెట్లలోనే ఉన్నాయి. పవర్ ఆపి ఒక జతను రెండో జత స్థానంలోకి మార్చాను. తెరకు దగ్గరగా వెళ్ళి చూస్తే ఖాళీ గీతలు ఒక్క గీత పక్కకు జరిగాయి. అంటే లోపం చిప్పులతోపాటే ప్రయాణించింది. ఆ జతలో ఒక్కొక్కదాన్నీ విడిగా మార్చి చూసి, రెండూ చెడ్డవేనని నిర్ధారించుకున్నాను. కొత్తవి వేశాక బొమ్మలు పూర్తిగా వచ్చాయి.

బూజు_దులుపుడు:
శుభం. మరి ఆ బోర్డు మీద అదే తయారీదారు 245లు ఇంకా ఉన్నాయా? ఉంటే ఇప్పుడే అన్నీ మార్చేయడం మేలని నా అభిప్రాయం.

పాత_క్యాబినెట్:
ఇంకా రెండు ఉన్నాయి. స్కోప్‌తో అదే పద్ధతిలో పదహారు లైన్లూ రెండు దిశల్లోనూ చూశాను, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండానే వదిలేస్తున్నాను, సోల్డర్‌పొగ గారి రంధ్రాల లెక్క నన్ను బాగా భయపెట్టింది. వెలుతురు సోకి డేటా చెరిగిపోకుండా, లేబుళ్ళు ఊడిపోయిన ఈప్రామ్ కిటికీలకు కొత్త లేబుళ్ళు అంటించాను. పగలంతా ఆడించినా ఒక్కసారి కూడా రీసెట్ కాలేదు, కనెక్టర్ ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు. బోర్డును రేపు క్యాబినెట్‌లో బిగిస్తాను.